అడవి గద్దకి చట్టం అండ చాలడం లేదా? కొండల్లో తిరిగి తేల్చుకునే పద్ధతి

ఉత్తరాంధ్రలో మందస మీది కొండల్లోనో, ఎస్.కోట దాటి అనంతగిరి ఎక్కే ఘాట్ రోడ్డు పక్కనో గద్ద గూడున్న చెట్టు నేలకూలిందని తెలిస్తే చాలు, ‘దీనికో చట్టం తేవాలి’ అనే మాట వచ్చేస్తుంది. చట్టం ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన అడవుల్లోని గద్దల్ని, డేగల్ని చంపడం, పట్టడం నేరమే. ఇక తేల్చాల్సిందల్లా ఆ చట్టం ఈ పిట్టకి ఎక్కడ అందకుండా పోతోందన్నది. వేటగాడి ఉండేలు దగ్గరా, గూడు చెట్టు దగ్గరా, పురుగుమందు గుళికల దగ్గరా, కరెంటు తీగ దగ్గరా? సమాధానాన్ని బట్టి వెళ్లాల్సిన ఆఫీసు మారిపోతుంది, అడగాల్సిన సెక్షను మారిపోతుంది. ఇది ఒక్క నెలలో తెమిలే పని కాదు. కనీసం రెండు చలికాలాలు పక్కన పెట్టుకోండి.

ముందు ఏ పిట్టో తేలాలి

ఊళ్లో అడిగితే అన్నీ గద్దలే, లేకపోతే అన్నీ డేగలే. అందుకని పేరు అడక్కుండా పని అడగండి. కోడిపిల్లల్ని ఎత్తుకుపోతుందా, పాముల్ని పడుతుందా, తేనెపట్టు మీద వాలుతుందా? సగం దారి అక్కడే దొరుకుతుంది. మిగతా సగం ఫోటోలు తేలుస్తాయి.

పాము గద్ద ఆకాశంలో అరుస్తూ తిరుగుతుంది కాబట్టి ముందు చెవికి దొరుకుతుంది. ఎగిరేటప్పుడు కింద నుంచి చూస్తే రెక్క వెనక అంచుకి నల్ల పట్టీ, దాని లోపల తెల్ల పట్టీ, తోకకి అడ్డంగా మందపాటి తెల్ల పట్టీ ఒకటి. కంటికీ ముక్కుకీ మధ్య ఈకల్లేని పసుప్పచ్చ చర్మం. కాళ్లు కూడా బోసిగా పసుపు రంగులో ఉంటాయి.

జుట్టు గద్ద, అంటే ఛేంజబుల్ హాక్ ఈగిల్, కాళ్ల దగ్గర పట్టుబడుతుంది. వేళ్ల మొదలు దాకా ఈకలే, మేజోళ్లు తొడిగినట్టు. మన వైపు పక్షికి నెత్తిన పొడవైన జుట్టు నిక్కబొడుచుకుని ఉంటుంది. దాని పిల్ల తలా పొట్టా తెల్లగా ఉండి, తల్లితో పోలికే లేనట్టు కనిపించి కొత్తవాళ్లని మోసం చేస్తుంది. తేనె గద్దకి పొడుగు మెడ మీద పావురం తలంత చిన్న తల. రంగు మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు కాబట్టి రంగుని నమ్ముకోవద్దు.

ఒక్కో పక్షికి మూడు ఫోటోలు కావాలి: రెక్క అడుగు భాగం, విచ్చుకున్న తోక, కాళ్లు. ఎండకి ఎదురుగా తీసిన నల్లటి నీడ బొమ్మ ఎంత అందంగా ఉన్నా రుజువు కింద పనికిరాదు. అలాంటివన్నీ ‘అయ్యుండొచ్చు’ అని వేరే పట్టికలో రాసి పెట్టండి. లెక్కలోకి తేవద్దు. ఒక దరఖాస్తులో తేనె గద్ద ఫోటో జుట్టు గద్ద పేరుతో ఒక్కటి పోయినా మిగతా యాభై పేజీలనీ అదే అనుమానంతో చదువుతారు.

పేరు తేలాక షెడ్యూలు చూడాలి

పాత చట్టంలో ఆరు షెడ్యూళ్లు ఉండేవి. గద్దలూ డేగలూ ఉండే ఆక్సిపిట్రిడే కుటుంబం మొత్తానికి ఒకటో షెడ్యూల్లో ఒకే పద్దు ఉండేది, పేరు పేరునా వెతుక్కునే పని ఉండేది కాదు. 2022లో సవరించిన చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. షెడ్యూళ్లు నాలుగయ్యాయి. జంతువులకి మొదటి రెండూ, మొక్కలకి మూడోది, అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం కిందకి వచ్చే జాతులకి నాలుగోది. ఇప్పుడు పక్షుల్ని జాతుల వారీగా, శాస్త్రీయ నామంతో సహా రాశారు. కాబట్టి మీ పక్షి ఒకటో షెడ్యూల్లో ఉందో రెండులో ఉందో గెజిట్ ప్రతి తెరిచి కళ్లతో చూడాలి. పాత పుస్తకాల్లోదీ, వాట్సాప్‌లో తిరిగే జాబితాల్లోదీ ఎత్తి రాయకండి.

ఇక్కడే ఒక చిక్కుంది. శాస్త్రీయ నామాలు మారుతూ ఉంటాయి. జుట్టు గద్ద ఒకప్పుడు స్పైజేటస్, ఇప్పుడు నిసేటస్. మనం జాలె డేగ అనే షిక్రా నిన్నమొన్నటిదాకా ఆక్సిపిటర్ బేడియస్, 2024 నుంచి ఈబర్డ్ (పక్షులు చూసినవాళ్లు లెక్కలు ఎక్కించే వెబ్‌సైటు) జాబితాలో టాకిస్పైజా బేడియా. చట్టంలో ఒక పేరు, ఫీల్డు యాప్‌లో ఒక పేరు ఉంటే రెండూ రాసి, రెండూ ఒకే పక్షి అని ఒక వాక్యం కలపండి.

షెడ్యూలు మారితే ఏం ఒరుగుతుందో కూడా ముందే తెలుసుకోవాలి. 9వ సెక్షను ప్రకారం ఒకటి, రెండు షెడ్యూళ్లలో దేన్ని వేటాడినా నేరమే. తేడా అంతా శిక్షలో ఉంది. ఒకటో షెడ్యూలు జంతువైతే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు, జరిమానా 25,000 రూపాయలకి తగ్గదు. రెండో షెడ్యూలైతే మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అంటే మీ కొండల్లో గద్ద వేట వల్ల చస్తుంటేనే పై షెడ్యూలు అడగడంలో అర్థముంది. చెట్టు పోయి చస్తుంటే పైకెక్కించినా దానికి ఒరిగేది తక్కువ.

ఇంకో మాట, ఇది సర్వే చేసేవాళ్ల మెడకే చుట్టుకోగలదు. చట్టం ‘వేట’ అన్న మాటకి చెప్పిన అర్థంలో అడవి పక్షుల గుడ్లు పాడుచెయ్యడం, గుడ్లనీ గూళ్లనీ కదపడం, చెదరగొట్టడం కూడా ఉన్నాయి. గూటిలోకి తొంగిచూడ్డానికి చెట్టెక్కినవాడూ, డ్రోన్ ఎగరేసినవాడూ ఆ గీత దాటినట్టే. రాలిన ఈకని జేబులో వేసుకోకండి, నేల మీద స్కేలు పెట్టి ఫోటో తీసి వదిలెయ్యండి. రిజర్వు ఫారెస్టులోకి వెళ్లాలంటే డీఎఫ్‌వో (డివిజను అటవీ అధికారి) అనుమతి రాతపూర్వకంగా ఉండాలి.

లెక్క ఎలా తియ్యాలి

అడవిలో నడుచుకుంటూ పోతే గద్ద కనపడదు. చెట్ల కింద మీరు, చెట్ల పైన అది. లోయ మొత్తం ఎదురుగా కనిపించే మెట్ట మీదో, బండ మీదో కూర్చుని చూడాలి. కొండ మంచు విడిచి, రాళ్లు వేడెక్కి గాలి పైకి లేచే వేళ, పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర దాకా మంచి సమయం. డిసెంబరు నుంచి మార్చి దాకా జంటలు గూటి మీద గాల్లో విన్యాసాలు చేస్తాయి, అరుస్తాయి. ఆకు రాలిన మద్ది చెట్ల మీద గూళ్లు బయటపడేదీ అప్పుడే. వానాకాలంలో పోయి ‘పక్షులు లేవు’ అని రాయడం దండగ.

కూర్చునే చోట్ల మధ్య రెండు మూడు కిలోమీటర్ల దూరం ఉంచండి. ఒక చోట మూడు గంటలు. 8×42 బైనాక్యులర్సు చాలు, స్టాండు మీద టెలిస్కోపు ఉంటే ఇంకా మంచిది. పుస్తకంలో రాసేవి: తేదీ, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, మంచు, గాలి, పక్షి, పెద్దదా పిల్లా, ఎటు నుంచి ఎటు పోయింది, నోట్లో పుల్ల ఉందా, తిండి ఉందా. పుల్లతోనో తిండితోనో పోతున్న పక్షి దిగిన చోటు రాసుకుంటే గూడు సగం దొరికినట్టే.

పక్షి ఒక్కటీ కనపడని పూట కూడా అంతే శ్రద్ధగా రాయాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు. కనపడ్డ రోజులే రాసిన పుస్తకం చూసి పక్షి ఎక్కువుందో తక్కువుందో ఎవరూ చెప్పలేరు. పైగా ఒకసారి కనపడలేదంటే అక్కడ లేనట్టు కాదు. పక్షి ఉన్న లోయలో ఒక పూట కూర్చుంటే అది కనపడే అవకాశం పదింట నాలుగు అనుకుందాం. మూడు పూటలు వెళ్లినా 0.6 × 0.6 × 0.6, అంటే వందకి 22 లోయల్లో ఉన్న పక్షిని లేదని రాసేస్తారు. అయిదు పూటలు వెళ్తే ఆ పొరపాటు వందకి 8కి దిగుతుంది. అందుకే ఒక్కో చోటికి సీజనులో కనీసం మూడుసార్లు, వీలైతే అయిదుసార్లు.

రెండో పొరపాటు దీనికి తిరగేసినది, ఒకే జంటని మూడు మెట్టల మీద నుంచి చూసి మూడు జంటలుగా రాయడం. రెండు జట్లు ఒకే రోజు, వాచీలు కలుపుకుని కూర్చుంటే ఇది చాలావరకు తప్పుతుంది. ఊడిన ఈకలు కూడా సాయపడతాయి. ఎడమ రెక్కలో నాలుగో ఈక లేని పక్షి ఇటూ అటూ కనిపిస్తే అది ఒకటే.

రోడ్డు పక్క చోట్లే ఎంచుకోవడం మూడోది. ఘాట్ రోడ్డు మీద టీ కొట్టు దగ్గర కూర్చుంటే సుఖమే. కానీ ఆ లెక్క రోడ్డు పక్క అడవికి చెల్లుతుంది, లోపలి గెడ్డల (కొండ వాగుల) వెంబడి అడవికి చెల్లదు. మ్యాపు మీద రెండు కిలోమీటర్ల గళ్లు గీసి, అడవి ఉన్న గళ్లలోంచి చీట్లు తీసి చోట్లు ఎంచుకోండి.

గూడు దొరికాక

ఈ పెద్ద గద్దలు ఎక్కువగా గెడ్డల పక్కన, తాండ్ర, మద్ది, నేరేడు, మామిడి లాంటి ఎత్తయిన చెట్ల పంగల్లో పుల్లల గూడు కడతాయి. పాము గద్దా, జుట్టు గద్దా ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు పెడతాయి. పొదగడానికి సుమారు 40 రోజులు, ఆ తరవాత పిల్ల ఎగరడానికి దాదాపు రెండు నెలలు. మొత్తం మూడు నెలలు దాటిపోతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే మన కొండల్లో పోడు కొడతారు, కాలుస్తారు, జీడి తోటల్లోకి మనుషులు దిగుతారు. ఒక గుడ్డు పోతే ఆ జంటకి ఆ ఏడాది పోయినట్టే.

గూటికి వంద మీటర్ల దగ్గరికి పోకండి. పక్షి లేచి నిలబడి మిమ్మల్నే చూస్తోందంటే మీరు ఎక్కువ దగ్గరగా ఉన్నట్టు, వెనక్కి తగ్గండి. నెలకి రెండుసార్లు, అరగంట చొప్పున చాలు. రాయాల్సినవి మూడే: జంట ఉందా, గుడ్డు మీద కూర్చుందా, పిల్ల ఎగిరిందా. ఉదాహరణకి పది జంటల్లో ఆరు కూర్చుని, మూడు పిల్లలు ఎగిరితే, జంటకి 0.3 పిల్ల. ఈ అంకె రెండేళ్లు వరసగా తక్కువగానే ఉంటే పెద్ద పక్షులు ఎన్ని కనపడుతున్నా ధీమా పనికిరాదు. పెద్ద గద్దలు చాలా ఏళ్లు బతుకుతాయి. పిల్లలు రావడం ఆగిపోయినా లోయ మీద అవే ముసలి జంటలు తిరుగుతూ, అంతా బాగానే ఉందనిపిస్తాయి.

తగ్గిందని ఎప్పుడు అనొచ్చు

ముప్పున్న జాతుల అంతర్జాతీయ జాబితా, రెడ్ లిస్ట్ కొలత ప్రకారం పదేళ్లలో లేదా మూడు తరాల్లో, ఏది ఎక్కువైతే అందులో, 30 శాతం తగ్గితే ‘వల్నరబుల్’, 50 అయితే ‘ఎండేంజర్డ్’, 80 అయితే ‘క్రిటికల్లీ ఎండేంజర్డ్’. ఒక తరం ఏడేళ్లు అనుకుంటే మూడు తరాలు 21 ఏళ్లు. మీ రెండేళ్ల లెక్కతో ఈ మెట్లు ఎక్కలేరు. పాత రికార్డులు వెతకాలి.

తూర్పు కనుమల పక్షుల మీద 1930ల్లో అచ్చయిన వెర్నే సర్వే ఉంది. 1980ల్లో విశాఖ కనుమల్లో కె.ఎస్.ఆర్. కృష్ణరాజు, డిల్లాన్ రిప్లీ వాళ్లు చేసిన పని ఉంది. వీటిని చదివేటప్పుడు జిల్లా పేరు నమ్మొద్దు. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది, విజయనగరం 1979లో. 2022 ఏప్రిల్‌లో సీతంపేట, కురుపాం, సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిపోయాయి. 1936 దాకా పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. కాబట్టి పాత ‘గంజాం’, ‘వైజాగపటం’ రికార్డుని కొండ పేరుతో, గెడ్డ పేరుతో ఇప్పటి మ్యాపు మీద పెట్టాలి. పాత సర్వేలో పక్షి ఉందని రాస్తే ఉన్నట్టే. రాయకపోతే మాత్రం లేనట్టు కాదు, వాళ్లు ఆ లోయకి పోలేదేమో.

దేశం మొత్తం మీద చూడ్డానికి 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక పనికొస్తుంది. 942 జాతుల్ని చూసి 178 జాతులకి వెంటనే శ్రద్ధ అవసరమని తేల్చారు. మీ పక్షి ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. లేకపోయినా పని ఆపనక్కర్లేదు. దేశమంతటా క్షేమంగా ఉన్న పక్షి ఒక కొండ వరస మీద కనుమరుగైపోవచ్చు. అప్పుడు అడగాల్సింది ఆ కొండకి రక్షణ.

విస్తీర్ణం లెక్కలోనూ జిల్లాని కొలగా పెట్టుకోకండి. రెడ్ లిస్ట్ వాళ్లు 2×2 కిలోమీటర్ల గళ్లు లెక్కేస్తారు, గడికి 4 చదరపు కిలోమీటర్లు. వాటి మొత్తం 2,000 చదరపు కిలోమీటర్ల లోపు ఉంటే, దానితో పాటు తగ్గుదల, అడవి ముక్కలవడం లాంటివీ రుజువైతే, ‘వల్నరబుల్’. మీ జిల్లాలో 25 గళ్లే దొరికాయంటే 100 చదరపు కిలోమీటర్లు, అంకె చూస్తే గుండె గుభేల్మంటుంది. కానీ ఆ కొలత జాతి మొత్తానికి పెట్టింది. మహేంద్రగిరికి ఇటు మందస, అటు ఒడిశా గజపతి జిల్లా. అటు పక్క గళ్లు కలపకుండా రాసిన లెక్కని ఎవరైనా ఒక్క ప్రశ్నతో కొట్టేస్తారు.

ఏది చంపుతోంది

ప్రతి చావునీ, ప్రతి గూడు నష్టాన్నీ తేదీతో, చోటుతో, కారణంతో రాయండి. ‘అడవులు తగ్గిపోతున్నాయి’ లాంటి వాక్యం ఎవరికీ పనికిరాదు. ‘ఫలానా గెడ్డ పక్కన ఆరు పాత గూడు చెట్లలో రెండేళ్లలో నాలుగు పోయాయి, రెండు పోడుకి, ఒకటి క్వారీ దారికి, ఒకటి గాలివానకి’ అంటే పనికొస్తుంది. గాలివానకి పోయినదాన్ని కూడా దాచకుండా రాయాలి.

జీడి తోట పచ్చగానే ఉంటుంది, ఉపగ్రహ చిత్రంలో అడవిలాగే కనిపిస్తుంది. కానీ జీడి చెట్టు గుబురుగా, పొట్టిగా నేలకి వంగి పెరుగుతుంది, పెద్ద గద్ద గూటికి కావలసిన ఎత్తూ, పంగా దొరకవు. నీలగిరి తోటలో ఎత్తుంటుంది, పంగ ఉండదు. అందుకే పచ్చదనం శాతం చూసి మోసపోకుండా, హెక్టారుకి పెద్ద చెట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ఛాతీ ఎత్తులో చుట్టుకొలత రెండు మీటర్లు దాటినవి లెక్కేస్తే చాలు.

చచ్చిన పక్షి దొరికితే ముట్టుకోకుండా ఫారెస్టు వాళ్లకి చెప్పి, పోస్టుమార్టం రాతపూర్వకంగా అడగండి. స్తంభం కింద పడి, కాళ్ల దగ్గరో రెక్క మీదో కాలిన మచ్చ ఉంటే కరెంటు. పక్కనే మేక కళేబరమో, చచ్చిన కుక్కో ఉంటే గుళికల అనుమానం. అప్పుడు ల్యాబు పరీక్ష కోసం కళేబరాన్ని చల్లగా ఉంచమని వాళ్లకి చెప్పాలి, ఎండలో ఒక పూట పడుంటే రుజువు కరిగిపోతుంది. కోడిపిల్లల కోసం ఉండేలుతో కొట్టిన కేసుల్లో ఇంటివాళ్లని దోషుల్ని చేసే ముందు ఎన్ని పిల్లలు పోయాయో కూడా రాయండి. చాలాసార్లు తేలేదేమిటంటే, పిల్లల్ని తీసింది ముంగిసో జాలె డేగో, దెబ్బ తిన్నది పెద్ద గద్ద.

తీర్పు

అమెరికాలో 1973 నాటి చట్టం కింద ఒక జాతికి రక్షణ ఇవ్వాలా అన్నది అయిదు ప్రశ్నలతో తేలుస్తారు: ఉండే చోటు పోతోందా, మనుషులు మితిమీరి పట్టుకుంటున్నారా, రోగమో వేరే జంతువో తింటోందా, ఉన్న నియమాలు చాలవా, ఇంకేదైనా కారణముందా. మనకి ఆ చట్టం వర్తించకపోయినా ఆ ప్రశ్నలు బాగా పనికొస్తాయి, ముఖ్యంగా నాలుగోది. అక్కడి క్వీన్ షార్లెట్ గోషాక్ అనే అడవి డేగ కోసం 1994లో దరఖాస్తు పడింది. చివరికి 2012 నాటికి తేలిందేమిటంటే, బ్రిటిష్ కొలంబియా వైపు పక్షులకి ముప్పుంది, జాబితాలో చేర్చారు. ఆగ్నేయ అలాస్కా వైపు అదే పక్షికి అవసరం లేదన్నారు, అక్కడి అడవి ప్రణాళికల్లో ఉన్న రక్షణని లెక్కలోకి తీసుకుని. పక్షి ఒకటే, అడవి నిర్వహణ వేరు, తీర్పు వేరు.

మన దగ్గర రాబందుల కథ ఇంకా సూటిగా ఉంటుంది. వాటిని వేటాడటం ఎప్పుడో నేరమైంది. అయినా పశువులకి ఇచ్చిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటిని చంపింది. పనిచేసిన ఉత్తర్వు పక్షి మీద కాదు, 2006లో పశువైద్యంలో ఆ మందుని నిషేధించడం.

కాబట్టి మీ పట్టిక చూసి ఇలా పంచండి. చావుల్లో ఎక్కువ భాగం వేటే అయి, పక్షి రెండో షెడ్యూల్లో ఉంటే, 61వ సెక్షను కింద షెడ్యూలు మార్చమని కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖని అడగాలి. ఒకటో షెడ్యూల్లోనే ఉంటే కొత్త చట్టం అక్కర్లేదు, ఎన్ని కేసులు పెట్టారో ఆర్‌టీఐ కింద అడగండి, లోపం అమలులో ఉంది. చెట్లు పోతుంటే డివిజను వర్కింగ్ ప్లానులో (అడవి నిర్వహణ ప్రణాళికలో) గూడు చెట్లకి గుర్తు వేసి, చుట్టూ నరికివేత ఆపమని డీఎఫ్‌వోని అడగాలి. గిరిజన గ్రామమైతే 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షను గ్రామసభకే వన్యప్రాణుల్ని, అడవిని కాపాడుకునే అధికారం ఇచ్చింది. గ్రామసభ తీర్మానం ఉన్న కాగితానికి బలం ఎక్కువ, పైగా గూడు చెట్టు కొమ్మ మీద కత్తి పడకుండా ఆపేది ఆ ఊరే. ఒక చోటికే రక్షణ కావాలంటే వన్యప్రాణి చట్టంలో కన్జర్వేషన్ రిజర్వు, కమ్యూనిటీ రిజర్వు ఉన్నాయి. 2002 జీవవైవిధ్య చట్టం 37వ సెక్షను కింద జీవవైవిధ్య వారసత్వ స్థలం ఉంది. కరెంటు చావులైతే కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌కి స్తంభం నంబర్లతో సహా రాసి, తీగ చివర్లకి ఇన్సులేషను తొడుగులు అడగండి. అన్నిటికన్నా త్వరగా ఫలితం ఇచ్చేది ఇదే.

ఏ కారణానికీ సగం కేసులు కూడా రాకపోతే, ‘ఇంకో సీజను చూడాలి’ అని రాయడానికి మొహమాటపడకండి.

కాగితం

నాలుగు పేజీలు చాలు. మొదటి పేజీలో అడిగేది ఒకే వాక్యంలో. తరవాత పక్షి పేరు, షెడ్యూలు, గుర్తింపు ఫోటోలు. ఎన్ని చోట్ల, ఎన్ని పూటలు, ఎన్ని గంటలు కూర్చున్నారో, అందులో ఎన్ని పూటలు ఏమీ కనపడలేదో. నష్టాల పట్టిక. ఉన్న చట్టం ఎక్కడ అందలేదో ఒక పేరా.

గూళ్ల జీపీఎస్ అంకెలు ఇందులో పెట్టకండి. దరఖాస్తు చేతులు మారుతుంది, జిరాక్సు అవుతుంది, గ్రూపుల్లోకి పోతుంది, ఆదివారానికల్లా కెమెరాలు గూటి కింద ఉంటాయి. మ్యాపులో గడి నంబరు మాత్రం చూపించి, అసలు అంకెలు వేరే సీల్డు కవర్లో డీఎఫ్‌వోకి ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. ఈబర్డ్‌లో ఎక్కించేటప్పుడు కూడా గూడు చోటు కాకుండా ఊరి పేరు పెట్టండి, గుడ్డు మీద కూర్చున్న ఫోటోలు పిల్ల ఎగిరేదాకా ఆపండి. జవాబు వచ్చినా రాకపోయినా, వచ్చే డిసెంబరులో అవే మెట్టల మీద, అదే వేళకి, అదే పుస్తకంతో మళ్లీ కూర్చోవాలి.